తాత నడుముకు కత్తి, మన జేబులో మడత చాకు



పోయిన వారం మన గ్రూపులో ఒక తమ్ముడు పెట్టిన ఫొటో చాలామంది చూసే ఉంటారు. బైకు మీద కూర్చొని మడత చాకు విప్పి పట్టుకున్నాడు. పండ్లు కోసుకునే బుల్లి చాకు కాదు. విప్పితే జానెడున్నర ఉంటుంది. కింద వరసగా నిప్పు గుర్తులు, "సూపర్ రా", "మనమంటే ఇదీ". నలుగురైదుగురు అన్నలు గట్టిగా తిట్టారు. సాయంత్రానికి తమ్ముడు ఫొటో తీసేశాడు. ఇంక అయిపోయిందనుకున్నారు అందరూ.

మెచ్చుకున్నోళ్ళూ, తిట్టినోళ్ళూ ఇద్దరూ ఒక్క మాట అడగలేదు. అంత పెద్ద చాకు జేబులో ఎందుకు పెట్టుకున్నావు రా అని. నేనూ అడగలేదు. అడగకపోవడానికి నాకో కారణం ఉంది. డిగ్రీ రెండో సంవత్సరంలో నా జేబులో కూడా అలాంటిదే ఉండేది.

మేడారం జాతరలో కొన్నాను. నూటఎనభై రూపాయలు. అమ్మేవాడు "రాంపురి, రాంపురి" అని అరుస్తున్నాడు. అది రాంపూర్ మొహం కూడా చూసి ఉండదని తర్వాత తెలిసింది. రాంపూర్ ఉత్తరప్రదేశ్‌లో ఉంది. నవాబుల కాలం నుంచి అక్కడ చాకులు చేసే కుటుంబాలు ఉన్నాయి. హిందీ సినిమాల్లో విలన్లు టక్కున విప్పే పొడుగు చాకు అక్కడిదే. సినిమాలు దానికి ఎంత పేరు తెచ్చాయో అంత చెడ్డపేరూ తెచ్చాయి. 1990లలో అక్కడి ప్రభుత్వం నాలుగున్నర అంగుళాలు దాటిన బ్లేడు పెట్టొద్దంది. దాంతో చేసేవాళ్ళ పని పడిపోయింది. 2023లో అదే ఊళ్ళో కూడలి మధ్య ఇరవై అడుగుల చాకు బొమ్మ నిలబెట్టారు. చేతిలో పెట్టుకోడానికి నాలుగున్నర అంగుళాలు, చూడటానికి ఇరవై అడుగులు!

సరే, నా సంగతి. నేను కొన్నది సినిమా చూసి కాదు. భయపడి. హాస్టల్ నుంచి కాలేజీకి పోయే దారిలో ఒక టీ కొట్టు ఉండేది. అక్కడ కూర్చునే నలుగురైదుగురు మేం కనబడితే చాలు, "అడివోళ్ళొచ్చార్రా" అని మొదలుపెట్టేవాళ్ళు. ఒకరోజు మావాడి చొక్కా పట్టుకుని గుంజారు. ఇంకోరోజు నా పుస్తకాలు కాలువలో పడేశారు. ఆ తర్వాత వచ్చిన జాతరలో కొన్నాను. నాలుగు నెలలు జేబులో మోశాను. ఒక్కసారి కూడా బయటికి తియ్యలేదు. తియ్యకపోయినా అది ఒక పని చేసింది. అంతకుముందు ఆ టీ కొట్టు ముందు తల వంచుకుని త్వరగా దాటిపోయేవాణ్ణి. చాకు వచ్చాక నెమ్మదిగా నడిచేవాణ్ణి, వాళ్ళ కళ్ళలోకి చూసేవాణ్ణి. ఎవడైనా ఏమన్నా అంటే బాగుండు అనుకునేవాణ్ణి. అది ధైర్యం కాదని నాకు అర్థం కావడానికి చాలా కాలం పట్టింది.

సెలవులకి ఇంటికొచ్చినప్పుడు పందిరికి వెదురు కొయ్యాల్సి వచ్చింది. గొప్పగా జేబులోంచి ఆ చాకు తీశాను. వెదురుకు పెట్టి గట్టిగా నొక్కేసరికి లాకు జారింది. బ్లేడు వెనక్కి మడుచుకుని నా చూపుడు వేలు మీద పడింది. ఇప్పటికీ మచ్చ ఉంది. తాత గాయపాకు నలిపి పసరు పిండి కట్టు కట్టాడు. తర్వాత ఆ చాకు చేతిలోకి తీసుకుని విప్పాడు, మడిచాడు. మళ్ళీ విప్పాడు.

"ఇది ఎందుకురా మడుస్తరు?" అన్నాడు.

"జేబులో పెట్టుకోడానికి తాతా."

"జేబులో ఎందుకు పెట్టుకోవాలె?"

నా దగ్గర సమాధానం లేదు. తాత నడుముకున్న కత్తి ఎప్పుడూ అందరికీ కనబడుతూనే ఉండేది మరి. పొద్దున లేస్తే అది నడుముకు ఉండాల్సిందే. దారికి అడ్డమొచ్చిన కొమ్మ నరకడానికి, వెదురు చీల్చడానికి, జీలుగు చెట్టు గెల కొయ్యడానికి, దడి కట్టడానికి. పొద్దుగూకేదాకా దానికి పనే. ఇంకొకరి ఇంటికి పోతే గుమ్మం బయటే చూర్లో గుచ్చి లోపలికి పోయేవాడు. ఎవరికైనా ఇవ్వాల్సొస్తే చేతికి ఇవ్వడు, కింద పెడతాడు, వాళ్ళే తీసుకోవాలి. మా వూళ్ళో మగవాళ్ళందరికీ అంతే. సంతలో కత్తులున్న మనుషులు వందమంది తిరిగేవాళ్ళు. ఎవరూ ఎవర్నీ చూసి బెదిరింది లేదు. కనబడే కత్తి గురించి భయపడాల్సిన పని ఏముంది?

పనిముట్టుగా చూసినా తాత అడిగింది సరైన ప్రశ్నే. మన కత్తికి బ్లేడు తోక పిడిలోకి దిగి ఉంటుంది. ఎంత బలంగా కొట్టినా ఆ దెబ్బ పిడి మొత్తం మోస్తుంది. మడత చాకుకి ఆ దెబ్బంతా ఒక చిన్న మేకు మీదా, ఒక చిన్న లాకు మీదా పడుతుంది. బ్లేడు ఎంత పొడుగైతే లాకు మీద బరువు అంత ఎక్కువ. అంటే మడత చాకు పెద్దదయ్యేకొద్దీ పనికి బలహీనమవుతుంది. పెద్ద కత్తి కావాలంటే మడవనిది మేలు. మడవాలంటే చిన్నది మేలు. పెద్దదే ఉండాలి, అదీ మడవాలి అంటే దానికి మిగిలే ముఖ్యమైన ఉపయోగం ఒకటే. పెద్ద బ్లేడు ఎవరికీ కనబడకుండా పెట్టుకోవడం.

అలాగని పెద్ద మడత చాకు పెట్టుకునే ప్రతివాడూ తప్పుడోడే అనడం లేదు. ఫ్రాన్సులో సవోయ్ కొండల్లో ఒపినెల్ అనే చాకు 1890 నుంచి చేస్తున్నారు. చెక్క పిడి, మడిచే బ్లేడు, సైజులకి నంబర్లు. అక్కడి రైతులూ గొర్రెల కాపర్లూ రొట్టె కోసుకోవడానికీ, తీగలు కత్తిరించడానికీ జేబులో పెట్టుకునేవాళ్ళు. ఎక్కువమంది వాడేది నాలుగు అంగుళాలు కూడా లేని బ్లేడే. అందులో 13వ నంబరు బ్లేడు 22 సెంటీమీటర్లు. దాన్ని జేబులో పెట్టుకుని ఎవరు తిరుగుతారో నాకైతే తెలియదు.

స్పెయిన్ దేశపు కథ మనకి ఇంకా దగ్గరగా ఉంటుంది. అక్కడ నవాహ అనే మడత కత్తి ఉంది. పెద్దింటివాళ్ళు నడుముకి కత్తి కట్టుకుని తిరుగుతుంటే, మామూలు జనం ఆయుధాలు పెట్టుకోకూడదని ఆంక్షలు ఉండేవి. బయటికి కనబడే కత్తి వద్దన్నప్పుడు సామాన్యుడు దాన్ని మడిచి నడుం పట్టీలో దాచుకున్నాడు. మడిచాక కూడా అది పెరిగి పెరిగి మూరెడు అయింది. ఇది చదివినప్పుడు నాకు తాత ప్రశ్న గుర్తొచ్చింది. నీ కత్తి కనబడితే తప్పు అని ఎవరైనా అంటేనే నువ్వు దాన్ని మడుస్తావు.

మనకి అలా అన్నవాళ్ళు ఉన్నారు. తాతని ఒకసారి ఆసుపత్రికని టౌనుకి తీసుకెళ్ళాం. అలవాటు కొద్దీ నడుముకి కత్తి ఉంది. బస్సు దిగగానే డ్యూటీలో ఉన్నాయన పట్టుకున్నాడు. "ఎవణ్ణి నరకడానికి వచ్చినవ్ రా ముసలోడా" అన్నాడు. డెబ్బై ఏళ్ళ మనిషిని 'రా' అన్నాడు. కత్తి లాక్కున్నాడు. సాయంత్రం తిరిగి పోయేటప్పుడు అడిగితే "ఎక్కడ పడేశామో" అన్నారు. తాత ఏమీ అనలేదు. బస్సులో దారంతా ఖాళీ నడుం మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. ఆ తర్వాత ఎప్పుడూ టౌనుకి రాలేదు.

ఇందులో చట్టం సంగతి అందరం తెలుసుకోవాలి. 1959 ఆయుధాల చట్టం వ్యవసాయానికీ ఇంటి పనికీ చేసిన పనిముట్లని ఆయుధాల కింద లెక్కపెట్టదు. ఆ చట్టం కింద ఉన్న రూల్స్‌లో 9 అంగుళాలకంటే పొడుగు లేదా 2 అంగుళాలకంటే వెడల్పు బ్లేడు ఉన్న కత్తుల గురించి ఉంది. అక్కడ కూడా ఇంటి పని, వ్యవసాయం కోసం చేసినవి మినహాయింపు. అంటే తాత కత్తి చట్టం ప్రకారం కొడవలిలాంటిదే. ఆ డ్యూటీ ఆయనకి అది తెలియదు, మాకూ తెలియదు. తెలిసుంటే ఆ రోజు నేను నోరు తెరిచేవాణ్ణి.

జేబులో చాకు సంగతి వేరు. మనవాళ్ళు చాలామంది కోచింగులకి, యూనివర్సిటీలకి ఢిల్లీ పోతున్నారు కాబట్టి చెప్తున్నా. అక్కడ 1980 నుంచి ఒక నోటిఫికేషన్ ఉంది. బటన్ చాకులు, గరారీ చాకుల్లాంటివాటికి బ్లేడు 7.62 సెంటీమీటర్లు, అంటే మూడు అంగుళాలు ఉన్నా దాని కిందికి వస్తాయి. ఆ కేసులు కోర్టుల్లో నిలబడతాయా లేదా అనేది తర్వాత మాట. ముందు అరెస్టు, బెయిలు, వాయిదాలు. మన దగ్గరైనా గొడవలో జేబులోంచి చాకు బయటపడిందంటే నువ్వు వెదురు కొయ్యడానికి పెట్టుకున్నానంటే ఎవరూ నమ్మరు. రేపు కష్టపడి ఉద్యోగం తెచ్చుకుంటావు. అటెస్టేషన్ ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యావా, కేసు ఉందా అని గడి ఉంటుంది. ఉన్నది రాస్తే ఒక బాధ, దాస్తే ఇంకా పెద్ద బాధ.

ఫొటో కింద ఒకన్న "కొమురం భీం వారసులం, కత్తి పట్టకపోతే ఎట్ల" అని రాశాడు. అన్నా, కోపం వద్దు. 1940లో జోడేఘాట్‌లో భీం ఎందుకు ఆయుధం పట్టాడో నిజాం సర్కారుకి తెలుసు, చుట్టుపక్కల గూడేలన్నిటికీ తెలుసు. అల్లూరితో గాం సోదరులు 1922లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడ్డప్పుడు ఏమేం తీసుకుపోతున్నారో కాగితం మీద రాసిపెట్టి మరీ పోయారు. వాళ్ళెవరూ జేబులో దాచుకోలేదు. వాళ్ళ పేరు చెప్పి నూటఎనభై రూపాయల చాకుకి గౌరవం తేవొద్దు.

అయితే భయం మాత్రం అబద్ధం కాదు. అందుకే ఫొటో చూసి తిట్టి వదిలేసిన అన్నల మీద నాకు కొంచెం కోపం ఉంది. చాకు తీసేయ్ అంటారు. సరే, తీసేస్తాడు. రేపు పొద్దున అదే దారిలో ఒక్కడే పోవాలి కదా వాడు? నలుగురిలో మన తెగ పేరు పెట్టి తిడితే, అవమానిస్తే 1989 అట్రాసిటీ చట్టం ఉంది. దాని దర్యాప్తు డీఎస్పీకి తక్కువ కాని అధికారి చెయ్యాలి. ఫిర్యాదు తీసుకోకపోతే 14566 నంబరు ఉంది. ఎస్టీలకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్ ఇస్తారు, దానికి 15100. ఇవి నొక్కగానే అంతా అయిపోతుందని నేను చెప్పను. మా స్నేహితుడి ఫిర్యాదు కాగితం మీదికి ఎక్కించడానికి మేం మూడుసార్లు తిరిగాం. కానీ అదే రోజు వాడి జేబులో చాకు దొరికి ఉంటే తిరగాల్సిన అవసరం కూడా ఉండేది కాదు. వాడే ముద్దాయి అయ్యేవాడు, తిట్టినోళ్ళు సాక్షులయ్యేవాళ్ళు.

నా టీ కొట్టు కథ ఎలా ముగిసిందంటే, పెద్దగా ఏమీ జరగలేదు. ఫైనలియర్ అన్నలు ఇద్దరికి ఈ సంగతి తెలిసింది. వారం రోజులు మాతోపాటు ఆ దారిలో నడిచారు. రోజూ ఆ కొట్లోనే ఆగి టీ తాగించారు, డబ్బులు వాళ్ళే ఇచ్చారు. పదిహేనుమందిమి బెంచీల మీద కూర్చునేసరికి ఆ నలుగురికీ చోటే మిగల్లేదు. కొట్టాయనకి బేరం పెరిగింది, ఇంక ఆయనే వాళ్ళని కసరడం మొదలుపెట్టాడు. అన్నలు నా చాకు గురించి అడగలేదు, నేను చెప్పలేదు. ఇప్పుడది మా ఇంట్లో అటక మీద తుప్పు పట్టి ఉంది, విప్పితే మడుచుకోదు. తాత మాత్రం టౌను నుంచి వచ్చిన తర్వాతి సంతలోనే కమ్మరి దగ్గర లారీ కమాన్ పట్టీతో ఇంకో కత్తి కొట్టించుకున్నాడు. ఆయన పోయాక అది మా నాన్న నడుముకి ఉంది.

ఫొటో తమ్ముడితో మొన్న ఫోన్లో మాట్లాడాను. మొదట "ఊరికే అన్నా, స్టైలుకి" అన్నాడు. పావుగంట తర్వాత అసలు విషయం చెప్పాడు. గ్రూపులో చెప్పమని తనే అన్నాడు కాబట్టి రాస్తున్నా. హాస్టల్ వెనక దారిలో ముగ్గురు రెండు నెలలుగా డబ్బులు అడుగుతున్నారు. ఇవ్వకపోతే కొడుతున్నారు. వార్డెన్‌కి చెప్తే "నువ్వే ఏదో చేసుంటావు" అన్నాడట. శనివారం నేను, ఇంకో ఇద్దరం పోతున్నాం. ముందు వార్డెన్ దగ్గరికి, తర్వాత స్టేషన్‌కి. రాతపూర్వకంగా ఫిర్యాదు తయారుచేశాను, లా చదివే చెల్లెళ్ళు ఎవరైనా ఒకసారి చూసిపెడితే మంచిది. వచ్చేవాళ్ళు పొద్దున ఎనిమిదింటికి బస్టాండ్ దగ్గర ఉండండి. ఎవరూ ఏమీ పట్టుకురావద్దు, ఆధార్ తప్ప.