విశ్వరూపం మన పక్క ఊరిదే

నూజివీడు అనగానే ఎవరికైనా మామిడిపండే గుర్తొస్తుంది. చిన్న రసం, పెద్ద రసం, బంగినపల్లి, కలెక్టరు కాయ అంటూ మనమూ గర్వంగానే చెప్పుకుంటాం. కానీ ఈ తోటల మధ్య పుట్టిన ఇద్దరి పేర్లు మన పిల్లల్లో ఎందరికి తెలుసని ఎవరైనా అడిగితే తలదించుకోవాల్సిందే. ఒకరు 1909లో ఆగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతం. ఇరవై ఏళ్లు నిండకముందే కలకత్తా వెళ్లి సి.వి. రామన్ దగ్గర చేరారు. ఆ తర్వాత ఉస్మానియాకు ఉపకులపతిగా, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు డైరెక్టరుగా, దేశ రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా పనిచేశారు. రెండోవారు 1927లో విస్సన్నపేటలో పుట్టిన నండూరి రామమోహనరావు. ఆంధ్రజ్యోతి సంపాదకులు, ‘విశ్వరూపం’ రచయిత.

ఒకరు భౌతికశాస్త్రంలో పరిశోధన చేశారు. మరొకరు ఆ శాస్త్రాన్ని తెలుగు చదవడం వచ్చిన ప్రతివాళ్ల ముందూ పెట్టారు. ఆ రెండు ఊళ్లకూ నూజివీడు బస్టాండులో బస్సెక్కితే గంటలోపు చేరుకుంటాం. అయినా మన మాటల్లో తరచూ వినిపించేది ఒకటే: ‘తెలుగులో సైన్సు పుస్తకాలు ఎక్కడున్నాయండీ?’ ఈ మాట అబద్ధం. ఏళ్ల తరబడి మనం చెప్పుకుంటున్న అబద్ధం.

నండూరివారు శాస్త్రవేత్త కారు, పాత్రికేయులు. టామ్ సాయర్‌ను, హకల్‌బెరీ ఫిన్‌ను తెలుగు పిల్లలకు పరిచయం చేసిన చేత్తోనే పరిణామవాదం మీద ‘నరావతారం’, విశ్వం మీద ‘విశ్వరూపం’ రాశారు. చదివేవాడు ఎక్కడ తడబడతాడో, ఎక్కడ పుస్తకం మూసేస్తాడో పత్రికలో పనిచేసిన మనిషికి బాగా తెలుసు. అందుకే నక్షత్రాల గురించి, సాపేక్ష సిద్ధాంతం గురించి చదువుతున్నప్పుడు కూడా మనం పరీక్షకు కూర్చున్నట్టు ఉండదు. ఎదురుగా కూర్చుని ఒక పెద్దాయన ఓపిగ్గా చెబుతున్నట్టు ఉంటుంది.

ఆయన ఒక్కరే అనుకుంటే అదీ మన అజ్ఞానమే. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో శాస్త్రవేత్తగా ఉంటూ మహీధర నళినీమోహన్ కేలండరు కథ, గ్రహణాల కథ, టెలిఫోను కథ రాశారు. భాభా అణు పరిశోధన కేంద్రంలో పనిచేసిన కొడవటిగంటి రోహిణీప్రసాద్ ‘విశ్వాంతరాళం’, ‘అణువుల శక్తి’ రాశారు. మద్రాసు ఐఐటీ ఆచార్యులు వి. శ్రీనివాస చక్రవర్తి ఎన్నో సైన్సు పుస్తకాలను తెలుగులోకి తెచ్చారు. రష్యన్ రచయిత పెరెల్మాన్ రాసిన భౌతికశాస్త్రం పుస్తకాన్ని సోవియట్ ప్రచురణాలయాలు తెలుగులో అచ్చువేసి, బళ్లో చదివే పిల్లలు కూడా కొనుక్కోగలిగే ధరకు అమ్మాయి. 1991లో సోవియట్ యూనియన్ కూలిపోయాక ఆ దారి మూసుకుపోయింది. అప్పుడైనా ఆ పుస్తకాలను మనం అచ్చువేసుకుందామని గట్టిగా అడిగినవాళ్లం ఎందరం?

పెనుగంచిప్రోలులో పుట్టిన కొమర్రాజు లక్ష్మణరావు 1906లో విజ్ఞాన చంద్రికా మండలి స్థాపనకు పూనుకున్నారు. నూటికి పదిమందికి కూడా చదవడం రాని రోజులవి. అయినా జనం చందాలు కట్టి శాస్త్ర గ్రంథాలు తెప్పించుకున్నారు. ఈనాడు ఇంటింటికీ డిగ్రీలున్నాయి. కాపు బాగుండి చేతిలో డబ్బు పడిన ఏడు మనం ఇళ్లు కట్టాం, బళ్లు కొన్నాం, పిల్లల్ని విజయవాడ హాస్టళ్లలో చేర్చి ఫీజులు కట్టాం. అందులో తప్పేమీ లేదు. కానీ ఆ డబ్బులో ఒక్క పుస్తకానికి వాటా పెట్టలేదు. ఏటా విజయవాడలో పుస్తకాల పండగ జరుగుతుంది. పంట అమ్ముకోవడానికి నున్న మార్కెట్‌కు వెళ్లగలిగిన మనకు అక్కడికి వెళ్లే తీరిక మాత్రం దొరకలేదు.

దీనివల్ల నష్టం ఏమిటని అడిగేవారి కోసం మే నెల సాయంత్రం ఒకటి చెబుతాను. తోటలో కోత సాగుతుంటుంది. గెడకు కట్టిన చిక్కంతో కాయలు దింపేవాళ్లు, తొడిమలు తుంచి సొన కార్చేవాళ్లు, బుట్టలు మోసేవాళ్లు అందరూ అక్కడే ఉంటారు. ఆకాశం నల్లబడుతుంది, గాలి లేస్తుంది, చినుకులు మొదలవుతాయి. అందరూ తోటలోకెల్లా పెద్ద చెట్టు కిందికి చేరతారు. ఉరిమినప్పుడల్లా పెద్దవాళ్లు ‘అర్జునా, ఫల్గుణా’ అంటారు. ఆ పేర్లు తలుచుకోవడం తప్పని నేననను. చెట్టు కింద నిలబడి తలుచుకోవడం తప్పు.

ఎందుకు తప్పో చెప్పడానికి పెద్ద లెక్కలు అక్కర్లేదు. పిడుగు చుట్టుపక్కల ఎత్తుగా ఉన్నదాని మీద పడే అవకాశం ఎక్కువ. అది మాను వెంట దిగుతూ, పక్కనే మనిషి ఉంటే అతని మీదికి దూకుతుంది. చెట్టు మానుకంటే ఉప్పునీళ్లతో నిండిన మన ఒళ్లు కరెంటును సులువుగా పారనిస్తుంది కనుక. మిగిలినది నేలలోకి దిగి చుట్టూ పాకుతుంది. నాలుగు కాళ్ల మధ్య దూరం ఎక్కువ కాబట్టి చెట్టు కింద కట్టేసిన పశువులకు ఇంకా ప్రమాదం. మెరుపు కనబడ్డాక ముప్పై లెక్కపెట్టేలోపు ఉరుము వినబడిందంటే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉన్నట్టు. శబ్దానికి ఒక కిలోమీటరు రావడానికి దాదాపు మూడు సెకన్లు పడుతుంది. అప్పుడే పని ఆపేసి పక్కా ఇంట్లోకో, తలుపులు మూసిన కారులోకో వెళ్లిపోవాలి. ఇదంతా భౌతికశాస్త్రమే. నళినీమోహన్ పిడుగు మీద కూడా తెలుగులో పుస్తకం రాశారు. ప్రతి వేసవిలో పేపర్లో పిడుగుపాటు వార్త చదివి అయ్యో అనుకున్న మనం, ఆ విషయాన్ని తోటలోకి చేర్చే పని చేయలేదు. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ ఫోన్లకు హెచ్చరికలు పంపుతోంది. ఆ హెచ్చరిక చదివాక ఏం చేయాలో, ఎందుకు చేయాలో కూలికి వచ్చిన మనిషికి చెప్పాల్సింది చదువుకున్న మనమే.

బడిలో చేసిన తప్పు ఇంకా పెద్దది. మామిడికాయను నీళ్లతొట్టిలో వేస్తే లేతది తేలుతుంది, ముదిరింది మునుగుతుంది. ముదిరేకొద్దీ లోపల పిండిపదార్థం పెరిగి, కాయ సాంద్రత నీటి సాంద్రతను దాటుతుంది. ఈ సంగతి తోటలో పనిచేసేవాళ్లు చూస్తూనే ఉన్నారు. వాళ్ల పిల్లలు బడిలో ఆర్కిమెడిస్ సూత్రాన్ని కంఠతా పట్టి మార్కులు తెచ్చుకుంటూనే ఉన్నారు. ఈ రెండూ ఒకటేనని ఒక్క తొట్టి, నాలుగు కాయలు పెట్టి చూపించడానికి మనకు పీరియడు చాలలేదు. బిట్లు పూర్తికావాలి, సిలబస్ పూర్తికావాలి, ర్యాంకు రావాలి. తల్లిదండ్రులుగా అదే అడిగాం, ఉపాధ్యాయులుగా అదే ఇచ్చాం. భౌతికశాస్త్రం అంటే భయపడే పిల్లల్ని మన చేతులతోనే తయారుచేశాం.

ఏటా ఫిబ్రవరి 28న సైన్సు దినోత్సవం చేస్తాం. 1928లో రామన్ తన ఫలితాన్ని కనుగొన్న రోజది. ఫొటోకు దండ వేస్తాం, నాలుగు మాటలు మాట్లాడతాం. అదే 1928లో ఆగిరిపల్లి కుర్రాడొకడు రామన్ దగ్గర చేరాడని పిల్లలకు చెప్పం. రామన్ ఫలితం ప్రకారం, పండిన మామిడి ముక్క మీద లేజరు కాంతి వేస్తే, చెదిరి వచ్చే కాంతి దాదాపు అంతా వేసిన రంగులోనే ఉంటుందనీ, ఏ కోటి కాంతి కణాల్లోనో ఒకటి రంగు మార్చుకుని వస్తుందనీ, ఆ మార్పును కొలిచి పండుకు పసుపునిచ్చే కెరోటిన్‌ను గుర్తుపట్టవచ్చనీ చెప్పం. శోభనాచలం కొండ చూడటానికి ఆగిరిపల్లి తీసుకెళ్లే పిల్లలకు ఆ ఊరి భౌతికశాస్త్రవేత్త పేరు ఒక్కసారి చెప్పడానికి ఎంతసేపు పడుతుంది?

ప్రభుత్వం చేయలేదని తప్పించుకోవడం కూడా మనకు అలవాటైంది. ఇంటిపన్నుతోపాటు రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను మన దగ్గర వసూలవుతోంది. రసీదు జేబులో పెట్టుకుంటాం. ఆ డబ్బుతో మన శాఖా గ్రంథాలయానికి ఏం పుస్తకాలు వచ్చాయని వెళ్లి చూడం. 2008లో మన నూజివీడుకు ట్రిపుల్ ఐటీ వచ్చింది. పదో తరగతి దాటిన పల్లెటూరి పిల్లలు వేలమంది మన ఊరికి వచ్చి చదువుకుంటున్నారు. ఇంతమంది పిల్లల మధ్య తెలుగు సైన్సు పుస్తకాల దుకాణం ఒకటి పెట్టాలనిగానీ, నండూరివారి పేరున ఏడాదికొక ఉపన్యాసం జరపాలనిగానీ ఊళ్లో పెద్దలమనిపించుకున్న మనకు తోచలేదు. ఇప్పుడు వీడియోలున్నాయి, పుస్తకాలెందుకు అనేవారూ ఉన్నారు. వీడియో చూసి పిల్లవాడు ఆశ్చర్యపోవచ్చు. ఆ ఆశ్చర్యం ప్రశ్నగా మారాలంటే ఆగి, వెనక్కి తిప్పి, మళ్లీ చదివి ఆలోచించుకునే తీరిక కావాలి. దాన్ని పుస్తకం ఇచ్చినట్టు ఇంకేదీ ఇవ్వదు.

రాయాల్సినవారు రాశారు. ఎవరూ బతిమాలకుండానే, లాభం చూసుకోకుండానే రాశారు. నండూరివారు 2011లో, రోహిణీప్రసాద్ 2012లో వెళ్లిపోయారు. ఎవరూ అడగని పుస్తకాన్ని ఏ ప్రచురణకర్త మళ్లీ అచ్చువేస్తాడు? చదివేవారు కరువైన చోట కొత్త రచయిత ఎవరి కోసం కలం పడతాడు? తెలుగులో సైన్సు రచన సన్నగిల్లిందంటే, దాన్ని సన్నగిల్లజేసింది పాఠకులమైన మనం.

ఈ తప్పు దిద్దుకోవడానికి కమిటీలు అక్కర్లేదు. ఈ వారం శాఖా గ్రంథాలయానికి వెళ్లి ‘విశ్వరూపం’ ఉందా అని అడుగుదాం. లేకపోతే తెప్పించమని కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇద్దాం. వచ్చే ఫిబ్రవరి 28న మన బళ్లలో దండతో పాటు నీళ్లతొట్టి కూడా పెడదాం. భగవంతం పేరు, నండూరివారి పేరు పిల్లల చేత చెప్పిద్దాం. కోతలు మొదలయ్యేలోపు ప్రతి తోట యజమానీ తన కూలీలను కూర్చోబెట్టి పిడుగు గురించి పది నిమిషాలు మాట్లాడాలి. ఉరిమితే పని ఆపేస్తామని, ఆ పూట కూలి కోయబోమని వాళ్లకు మాట ఇవ్వాలి.