నాలుగులో తిరుగుతోందిగా అనుకున్నా!

డిసెంబర్‌లో తెల్లవారకముందే నర్సీపట్నం నుంచి లంబసింగి ఘాట్ ఎక్కుతున్నాం. వెనక సీట్లో అమ్మ, నాన్న. సగం దారిలో బ్లోయర్ ఆగిపోయింది. మా ముగ్గురి ఊపిరికే ముందు అద్దం తెల్లగా కమ్మేసింది. బయటి మంచు చాలనట్టు లోపల ఇంకోటి! ‘దారి కనబడుతోందా నాన్నా నీకు?’ అని అమ్మ అడిగితే అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. కాస్త వెడల్పున్న చోట పక్కకి ఆపి, హజార్డ్ లైట్లు వేసి, కిటికీలు దించేశా.

తప్పు నాదే. ఏసీకైనా హీటర్‌కైనా గాలి తోసేది ఒకటే ఫ్యాన్. నాది నెల రోజులుగా 1, 2, 3 స్పీడ్‌లలో తిరగట్లేదు. 4లో మాత్రం రయ్యిమంటోంది. అంటే రెసిస్టర్ కాలిందన్నమాట. నాబ్ తిప్పే కార్లలో చాలావాటికి తక్కువ స్పీడ్‌ల కరెంటు దాని గుండా వెళ్తుంది, ఫుల్ స్పీడ్‌కి దాంతో పనిలేదు. వేసవిలోనే కొత్తది వేయించా, అదీ కాలింది. అనుమానం అప్పుడే రావాలి. ‘4 ఉందిగా’ అని వదిలేశా.

ఘాట్‌లో ముందు ఫ్యూజ్ చూశా. బాగానే ఉంది. (పోయుంటే అదే ఆంపియర్‌ది వేయాలి. పెద్దది వేసినా, వైరు ముక్క చుట్టినా కారు తగలబడొచ్చు.) తర్వాత ఫ్యాన్ 4లో ఉంచి, గ్లవ్‌బాక్స్ కింద తల దూర్చి, మోటార్ మీద స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టా. గుర్రుమంటూ తిరిగింది! తడితే లేచిందంటే జబ్బు మోటార్‌లోనే. బ్రష్‌లు అరిగైనా ఉండాలి, బేరింగ్ బిగుసుకునైనా ఉండాలి.

ఇంటికొచ్చాక మెకానిక్ చూడకుండానే ‘డాష్‌బోర్డ్ మొత్తం విప్పాలి, పన్నెండు వేలవుతుంది’ అన్నాడు. ‘అన్నా, ముందు టెస్ట్ ల్యాంప్ పెట్టి చూడు’ అన్నా. మోటార్ ప్లగ్ దగ్గర బల్బు ఫుల్లుగా వెలిగింది. అంటే కరెంటు వస్తోంది, మోటారే తీసుకోవట్లేదు. వెలగకపోతే రిలే, స్విచ్, వైరింగ్, ఎర్త్ వెతకాలి. నా కారులో మూడు స్క్రూలు తీస్తే మోటార్ చేతిలోకొచ్చింది, డాష్‌బోర్డ్ జోలికే పోలేదు. లోపల గుప్పెడు ఎండుటాకులు, ఎండిపోయిన బేరింగ్. ఫ్యాన్ బరువుగా తిరుగుతూ కరెంటు ఎక్కువ లాగేది, అందుకే రెసిస్టర్లు వరసగా కాలాయి. ఈసారి రెండూ మార్పించా.

ఇప్పుడు కారెక్కగానే అమ్మ సీట్‌బెల్ట్ కంటే ముందు అడుగుతుంది: ‘ఏదీ, ఒకటిలో పెట్టి చూపించు.’