చెరువు కట్ట మీది చిరునామా

మహాశివరాత్రి బ్రహ్మోత్సవాలు మా శ్రీకాళహస్తిలో ప్రధానాలయంలో మొదలు కావు. మొదటి ధ్వజారోహణ కన్నప్ప కొండ మీద జరుగుతుంది. మంత్రం తెలియక, మడి తెలియక, పుక్కిట నీళ్లు పట్టి తెచ్చి, తాను రుచి చూసిన మాంసాన్నే దైవానికి పెట్టిన వేటగాడు తిన్నడికి ఈ క్షేత్రం ఇచ్చిన గౌరవం అది. 12వ శతాబ్దంలో శేక్కిళారు తమిళంలోను, 16వ శతాబ్దంలో ధూర్జటి తెలుగులోను ఆ కథను చెప్పారు. మతం వేరైనా ఆ కథ మా ఇండ్లలోనూ తెలిసినదే. చిన్ననాట మేమందరం ఆ కొండ మెట్లెక్కి ఆడుకున్నవాళ్లమే.

తిన్నడు ఏ కులంవాడన్న వాదంలోకి మేము పోదలచుకోలేదు. ఆ గౌరవం కోరేవారు చాలామంది ఉన్నారు. కాని వేటాడి, దుంపలు తవ్వి, తేనె పట్టి బతికే విద్య ఈ ప్రాంతంలో నేటికీ ఎవరి చేతుల్లో ఉన్నదంటే యానాదుల పేరే చెప్పాలి. స్వర్ణముఖి ఒడ్డున, చెరువు కట్టల మీద, పొలాల చివర తాటాకు గుడిసెల్లో, ఇటీవల నీలి టార్పాలిన్ పట్టాల కింద, వారు కనిపిస్తారు. అసలు కనిపిస్తారని అనడం కూడా సరికాదేమో. రోజూ ఆ దారినే పోతూ వారిని చూడకుండా పోవడం మనకందరికీ అలవాటైపోయింది.

గత వేసవిలో ఒక చెరువు కట్ట దగ్గరికి మేము నలుగురం వెళ్లాము. రేషను కార్డులలో లేని పేర్లు రాసుకుందామన్నది మా ఉద్దేశం. ఒక అవ్వ రెండేళ్లు దాటిన మనవరాలిని చంకన వేసుకొని వచ్చింది. బిడ్డ ఎప్పుడు పుట్టిందని అడిగాము. వానలు వెలిసినాక అన్నది. ఎక్కడ పుట్టిందంటే, "మద్రాసు దావలో ఇటికెల బట్టీ కాడ సాయిబయ్యా, వాళ్లమ్మ ఇటికె మోస్తా మోస్తా కనింది" అన్నది. లెక్క కట్టి చూస్తే అది 2023 చివర. మాలో ఒకరు పుస్తకం మూసేశారు. ఆ అవ్వకు కారణం తెలియదు, మాకు తెలుసు.

జనన మరణాల నమోదుకు 1969లో చట్టం వచ్చింది. దానిని 2023లో సవరించారు. ఆ సంవత్సరం అక్టోబరు 1 నుండి అమలులోకి వచ్చిన ఆ సవరణ ప్రకారం, ఆ తేదీన గాని ఆ తరువాత గాని పుట్టినవారికి పుట్టిన తేదీకి, పుట్టిన చోటుకు జనన ధ్రువపత్రమే ఆధారం. బడిలో చేరడానికి, ఓటరు జాబితాలో పేరుకు, వివాహ నమోదుకు, ప్రభుత్వోద్యోగానికి, ఆధార్‌కు అదే కావాలి. ఏడాది దాటిన తరువాత నమోదు కావాలంటే మేజిస్ట్రేటు అధికారం గల అధికారి ఆజ్ఞ ఉండాలి. పైగా జననం జరిగిన చోటనే నమోదు జరగాలి. అంటే ఆ బిడ్డ కాగితం కోసం ఆ అవ్వ తమిళనాడులోని ఆ బట్టీ ఏ తాలూకాలో ఉన్నదో కనుక్కొని, అక్కడికి పోయి, తమిళంలో అర్జీ పెట్టుకోవాలి. బట్టీ యజమాని తన దగ్గర కాన్పు జరిగినదని ఒప్పుకోవాలి. కూలీల పేర్లు పుస్తకంలో రాయని యజమాని ఆ మాట ఎందుకు ఒప్పుకుంటాడు?

చట్టం చెడ్డదని మేము అనడం లేదు. పుట్టిన ప్రతి బిడ్డ లెక్కలో ఉండవలసిందే. కాని ఈ చట్టం కింద పుట్టిన తొలి పిల్లలు 2029 వేసవికి ఐదేళ్లు నిండినవారై బడి గడప దగ్గర నిలబడతారు. చదువు పొందే హక్కు చట్టం, వయసు రుజువు లేదని ఏ బిడ్డకూ ప్రవేశం నిరాకరించరాదని చెబుతున్నది. ఆ మాట, ఈ సవరణ ఎదురుబొదురుగా నిలిచినప్పుడు ప్రధానోపాధ్యాయుడు దేనిని చూస్తాడో ప్రభుత్వ కార్యాలయాల్లో జీవితం గడిపిన మాకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఎదుట ఉన్న ఫారంలో ఏ గడి ఖాళీగా ఉన్నదో దానినే చూస్తాడు.

యానాదులు ఎక్కడినుండో వచ్చిపడినవారు కారు. ఆ పేరు 'అనాది' నుండి పుట్టినదని కొందరంటారు. నిజమైనా కాకపోయినా, ఈ నేల మీద వారికి ముందు ఎవరున్నారో చెప్పగలవారు లేరు. నెల్లూరు, చిత్తూరు, ప్రకాశం, గుంటూరు ప్రాంతాలలో విస్తరించి ఉన్న వీరు 2011 జనాభా లెక్కల నాటికి ఐదు లక్షలకు పైబడ్డారు. షెడ్యూల్డు తెగల జాబితాలో ఉన్నారు. వారి పేరిటనే నెల్లూరులో ఒక సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ కూడా ఉన్నది. చెంచుదేవుడు, పోలేరమ్మ, అంకమ్మ వారి దైవాలు. 1909లో వెలువడిన తన ఏడు సంపుటాల గ్రంథంలో ఎడ్గర్ థర్‌స్టన్ వీరికి చాలా పుటలు కేటాయించాడు. మంచి యానాదులు, అడవి యానాదులు, చల్లా యానాదులు, కప్పల యానాదులు అని విభజనలు రాశాడు. ఇతరుల ఎంగిలి తినేవారు, కప్పలు తినేవారు అని పొరుగువారు ఎగతాళికి పెట్టిన మాటలు అచ్చులోకి ఎక్కి శాస్త్రమైపోయాయి.

పేరు విషయం వచ్చింది గనుక దూరదేశపు సంగతి ఒకటి చెబుతాము. చైనాలో యున్నాన్ రాష్ట్రపు వాయవ్య మూలన, బర్మా సరిహద్దులో, ఒక నది లోయలో డెరుంగ్ అనే జాతి ఉన్నది. మొత్తం కలిపి ఏడు వేల చిల్లర మంది. మన మండలాలలో ఒక పెద్ద పంచాయతీ జనాభా అంత. ఏడాదిలో సగం మంచు కప్పేసి బయటి ప్రపంచంతో దారి తెగిపోయేది. తాడు పట్టుకొని జారుతూ నది దాటేవారు. ఆడపిల్లలకు ముఖం నిండా పచ్చబొట్లు పొడిచేవారు. ఆ ఆచారం గత శతాబ్దం నడుమ ఆగిపోయింది; పచ్చబొట్ల ముఖాలు ఇప్పుడు కొందరు ముసలమ్మలవి మాత్రమే. ఆ జాతిని పొరుగువారు ఏవేవో పేర్లతో పిలిచేవారు. 1950లలో తాము తమను ఏమని పిలుచుకుంటారో ఆ పేరే ప్రభుత్వ పుస్తకాలలోకి ఎక్కింది. 56 జాతుల అధికార జాబితాలో కోట్లమంది ఉన్న హాన్‌ల పక్కన ఈ ఏడు వేల మందికీ ఒక వరుస ఉన్నది. 2014లో కొండను తొలిచిన సొరంగంతో ఏడాది పొడవునా దారి ఏర్పడింది. ఆ దేశాన్ని మెచ్చుకోవడం మా ఉద్దేశం కాదు. అక్కడే ఉయిగుర్లకు జరుగుతున్నది మన పాఠకులకు చెప్పనక్కరలేదు. డెరుంగ్‌ల అడవి సేద్యం, పాత ఇండ్లు, పాటలు ఎంతవరకు మిగిలాయన్నదీ వేరే ప్రశ్న. మేము పట్టుకున్నది ఒక్కటే విషయం. ఏడు వేల మందిని లెక్కించగలిగినప్పుడు ఐదు లక్షల మంది లెక్కకు అందకపోవడానికి జనాభా తక్కువ కావడం కారణం కాదు.

అసలు మన ప్రభుత్వాలు వీరిని లెక్కించలేదని చెప్పలేము. ఒక కాలంలో మరీ శ్రద్ధగా లెక్కించాయి. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాజధానికి వచ్చింది. ఎరుకలతో పాటు యానాదులలోని కొన్ని గుంపులు కూడా ఆ చట్టం కిందికి వచ్చాయి. పుట్టుకతోనే దొంగ అన్న ముద్ర, ఠాణాలో హాజరు, ఊరు దాటాలంటే చీటీ. అప్పుడు వారికి కాగితాలు పుష్కలంగా ఉండేవి! ఈ అన్యాయంపై జీవితమంతా పోరాడిన నెల్లూరు వాసి వెన్నెలకంటి రాఘవయ్యగారిని ఇక్కడ తలచుకోవాలి. యానాదులను సంఘంగా కూర్చి, వారి గురించి గ్రంథం రాసిన ఆయనకు 1973లో పద్మభూషణ్ వచ్చింది. మద్రాసులో ఆ చట్టం 1947లో పోయింది. దేశమంతటికీ సంబంధించిన విచారణ సంఘానికి అధ్యక్షుడు మన తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు. ఆ సంఘం సిఫారసు తరువాత 1952లో చట్టం పూర్తిగా రద్దయింది. ముద్ర మాత్రం పోలేదు. చట్టం రద్దయి ఏడు దశాబ్దాలు గడిచినా, జైలు నిబంధనలలో ఈ జాతులను అలవాటైన నేరస్థులుగా చూడరాదని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది.

శ్రీహరికోట సంగతి మరొకటి. పులికాట్ సరస్సుకు, సముద్రానికి నడుమనున్న ఆ దీవి యానాదుల పాత నివాసం. అడవిలోని తేనె, వేళ్లు, ఔషధాల మూలికలు సేకరించి ఇచ్చి, బదులుగా తిండిగింజలు తీసుకొనేవారు. 1969లో రాకెట్ కేంద్రానికి ఆ చోటు ఎంపికైంది. 1971లో మొదటి రాకెట్ ఎగిరింది. దేశానికి గర్వకారణమే. మేమూ ఇంటి మిద్దెలెక్కి ఆకాశం వైపు చూసినవాళ్లమే. ఆ దీవి వదిలి వచ్చినవారు ఏ మిద్దె నుండి చూశారో మాత్రం ఎన్నడూ అడగలేదు.

ఇక మా సంగతి. దాచుకోవలసినది ఏమీ లేదు. ముప్పై ఏళ్లకు పైగా మేము ప్రభుత్వ గుమాస్తాలం. కుల ధ్రువపత్రం కోసం వచ్చిన యానాది అర్జీలు ఎన్నింటినో మా చేతులతోనే తిరగ్గొట్టాము. 'చిరునామా అసంపూర్ణము' అని ఎర్ర సిరాతో రాసేవాళ్లం. ఇంటి నంబరు గడిలో 'చెరువు కట్ట' అని రాసి ఉండేది. అది అబద్ధం కాదు, వారి ఇల్లు అక్కడే. స్థానిక విచారణ జరిపి, ఊరి పెద్దల వాంగ్మూలం తీసుకొని పత్రం ఇచ్చే వెసులుబాటు నిబంధనలలో ఉన్నదని మాకు తెలియకపోలేదు. విచారణకు వెళ్లాలంటే ఎండలో చెరువు కట్ట దాకా పోవాలి. ఎర్ర సిరాకు ఆ శ్రమ లేదు. ఒకసారి ఒక పిల్లవాడు అదే అర్జీ మూడవసారి తెచ్చాడు. వసతి గృహంలో సీటుకు చివరి తేదీ దాటిపోయిందని మేమే చెప్పాము. ఏమీ అనకుండా కాగితం మడిచి జేబులో పెట్టుకొని వెళ్లిపోయాడు. వాడు కోపపడి ఉంటే మాకు ఇంతగా గుర్తుండేవాడు కాదేమో.

మన సమాజంలోని వారికి ఇంకొక మాట చెప్పాలి. మామిడి తోటలు కౌలుకు పట్టేవారు, బట్టీలు, చేపల గుంటలు నడిపేవారు మనలోనూ ఉన్నారు. తోట కాపలాకు యానాది కుటుంబాన్ని పెట్టుకొని, పెండ్లికో చావుకో కొంత డబ్బు అడ్వాన్సుగా ఇచ్చి, అది తీరేదాకా కదలరాదన్న షరతు మీద ఏళ్ల తరబడి ఉంచుకోవడం ఈ ప్రాంతంలో మామూలు. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లో వచ్చింది. ఆ చట్టం దృష్టిలో ఈ షరతు నేరం. ఆ బాకీ చెల్లదు. "మేము వాళ్లను కొట్టడం లేదు గదా, తిండి పెడుతున్నాము గదా" అన్న సమాధానం మేము విన్నాము. అల్పసంఖ్యాకుల హక్కుల కోసం వెలువడే పత్రికను ఒక చేత పట్టుకొని, రెండవ చేత ఆ బాకీ పుస్తకం పట్టుకోవడం కుదరదు. ఈ మాట కొందరికి కష్టం కలిగిస్తుందని తెలిసే రాస్తున్నాము.

యానాదులకు విద్య లేదనేవారికి ఎలుకలు పట్టడం ఒకసారి చూడమని చెబుతాము. అడుగున చిల్లి పెట్టిన కుండలో గడ్డి కుక్కి, నిప్పు పెట్టి, కుండ మూతిని కలుగుకు ఆనించి చిల్లిలోంచి ఊదుతారు. పొగ ఏ కన్నంలోంచి బయటికి వస్తుందో ముందే చూసి ఉంచుతారు. మందులు చల్లకుండా పంటను కాపాడే ఈ నేర్పుకు రైతు ఇచ్చే ప్రతిఫలం ఆ ఎలుకలు, కలుగులో దొరికిన గింజలు. ఇటువంటి నేర్పే ఉన్న ఇరుళలకు తమిళనాడులో 1978లో పాములు పట్టేవారి సహకార సంఘం ఏర్పడింది. వారు పట్టిన నాగుపాము, కట్లపాము, రక్తపింజరి వంటి వాటి విషం పాముకాటు మందు తయారీకి పోతుంది. పాములను తిరిగి వదిలేస్తారు. ఆ జాతిలోని వడివేల్ గోపాల్, మాసి సడయన్ గార్లకు 2023లో పద్మశ్రీ లభించింది. మనకు వంద కిలోమీటర్ల చిల్లర దూరంలో జరిగిన పని ఇది.

మేము కోరేవి పెద్దవేమీ కావు. 2023 అక్టోబరు తరువాత పుట్టి నమోదు కాని పిల్లల కోసం జిల్లా అధికారులు చెరువు కట్టల దగ్గరికే వచ్చి శిబిరాలు పెట్టాలి. పొరుగు రాష్ట్రంలో పుట్టిన పిల్లల అర్జీలను ఇక్కడ తీసుకొని అక్కడి అధికారులకు పంపే బాధ్యత గ్రామ సచివాలయం వహించాలి. వలస పోయిన తల్లులు కాన్పుకు ముందే అక్కడి ఆసుపత్రి పుస్తకంలో పేరు రాయించుకొనేలా ఆశా కార్యకర్తలు చెప్పి పంపాలి. ఇక మనలో విరమణ పొందిన గుమాస్తాలు, ఉపాధ్యాయులు ప్రతి ఊరిలో ఉన్నారు. అర్జీ రాయడం, గడువు గుర్తు పెట్టుకోవడం, బల్ల అవతలివారిని విసుగు పుట్టేదాకా అడగడం మనకు వచ్చిన పనులు.

ఆ అవ్వ అర్జీ మేము రాశాము. బట్టీ ఉన్న ఊరు తెలిసింది. తమిళం చదవగల మిత్రుడు ఒకరు రెండు సార్లు అక్కడికి వెళ్లి వచ్చారు. కాన్పు నాడు పక్కనున్న మరో కూలీ స్త్రీ వాంగ్మూలం ఇవ్వడానికి ఒప్పుకున్నది. ఆమె పేరు కూడా ఏ కార్డులోనూ లేదని తరువాత తెలిసింది. ఇప్పుడు ముందు ఆమె కాగితాల పని చూస్తున్నాము. బిడ్డ పేరు గడిలో ఏమి రాయాలని అడిగితే అవ్వ చాలాసేపు ఆలోచించి, వాళ్లమ్మ బట్టీ నుండి వచ్చినాక చెబుతానన్నది. ఆ గడి ఇంకా ఖాళీగానే ఉన్నది.