సెల్ఫ్ కొట్టే వైరు సరే, వద్దనే వైరు ఏదీ?

"బోరు మోటారుకి సెల్‌ఫోన్ స్టార్టరు పెట్టుకున్నాం. ట్రాక్టరుకి పెట్టుకుంటే వచ్చిన తప్పేంది?" నకరికల్లు అడ్డరోడ్డు మొదలు నరసరావుపేట దాకా ఎక్కడ రిమోట్ స్టార్టరు మాటెత్తినా ఎదురయ్యే ప్రశ్న ఇదే. కారు సంగతైతే ఇంకో మాట తోడవుతుంది: "న్యూట్రల్ స్విచ్చు, బానెట్ స్విచ్చు, ఇవన్నీ కంపెనీవాళ్ల అతి జాగ్రత్త అన్నా. డైరెక్ట్ కొట్టేద్దాం." బిగించేవాడూ బిగించుకునేవాడూ ఒకే మాట మీదుంటే మూడోవాడికి నోరెత్తే చోటుండదు. అయినా ఎత్తాల్సిందే. బండి ముందు నిలబడి ఉండేది ఆ మూడోవాడే.

ముందు ఆ మోటారు పెట్టెనే తెరుద్దాం. సాక్ష్యానికి పిలిచింది వాళ్లే కదా. అందులో మోటారుకి కరెంటు కలిపేది కాంటాక్టరు ఒక్కటే. తక్కినవన్నీ అడ్డం పడేవే. మూడు ఫేజుల్లో ఒకటి పోతే మోటారుని లేవనివ్వని ప్రివెంటరు, లోడు ఎక్కువైతే పడిపోయే ఓవర్‌లోడ్ రిలే, మంచి పెట్టె అయితే బోరులో నీళ్లు అడుగంటినప్పుడు ఆపేసే డ్రై రన్ ఏర్పాటు. ఇన్ని కాపలాల మధ్య ఉన్న మోటారు భూమి లోపల పైపుకి వేలాడుతూ ఉంటుంది. పొరపాటున ఆన్ అయితే చేలో కాసిని నీళ్లు ఎక్కువ పారతాయి. దానికి చక్రాల్లేవు. మోటారుని ఆదర్శంగా చూపేవాళ్లు ఆ పెట్టెలోంచి ఆన్ బటన్ ఒక్కటే పట్టుకొచ్చి, కాపలానంతా అక్కడే వదిలేస్తున్నారు.

బండికి బిగించే రిమోట్ కిట్‌లో రిలే చేసే పని చాలా చిన్నది. 85, 86 పిన్నుల మధ్య ఉన్న కాయిల్‌కి ఆంపియరులో ఐదో వంతు కరెంటు చాలు. అది అందగానే 30వ పిన్ను 87తో కలుస్తుంది, సొలెనాయిడ్‌కి కరెంటు పోతుంది, సెల్ఫ్ మోటారు వందల ఆంపియర్లు లాగి ఇంజన్ని తిప్పుతుంది. బండి గేరులో ఉందా, బానెట్ ఎత్తి ఎవరైనా ఫ్యాన్‌బెల్టు మీద చెయ్యి పెట్టారా, ఇవేవీ రిలేకి తెలియవు. తెలిసేది స్విచ్చులకే. కిట్‌తో పాటు వచ్చిన ఆ స్విచ్చుల వైర్లనే కత్తిరించి టేపు చుట్టేస్తారు. లేదంటే న్యూట్రల్ వైరుని తీసుకెళ్లి బాడీ ఎర్తుకి కొట్టేస్తారు. ఇక కిట్ లెక్కలో ఆ బండి జీవితాంతం న్యూట్రల్‌లోనే ఉంటుంది.

అసలీ రిమోట్ స్టార్టరు చలిదేశాల సరుకు. మినియాపొలిస్‌లో, టొరంటోలో ఉన్న మనవాళ్లు మంచు రోజుల్లో ఇంట్లోంచే కారు స్టార్ట్ చేసి వేడెక్కనిస్తారు. అక్కడివి దాదాపు అన్నీ ఆటోమేటిక్‌లు. లీవరు 'పి'లో ఉంటే గేర్‌బాక్సు లోపలి కొక్కెం బండిని కదలనివ్వదు. మన దగ్గర తిరిగేవాటిలో ఎక్కువ క్లచ్ బళ్లు. పైగా మనకో అలవాటుంది, మంచి అలవాటే: హ్యాండ్ బ్రేకు మీద నమ్మకం చాలక ఫస్ట్ గేరులో వేసి దిగుతాం. అలా ఉన్న బండికి సెల్ఫ్ కొడితే ఇంజన్ అందుకోకముందే సెల్ఫ్ మోటారే దాన్ని ముందుకు గుంజుతుంది. ఇంజన్ అందుకుందా, ఇక పట్టుకునేవాడు లేడు. "హ్యాండ్ బ్రేకు స్విచ్చుకి కలిపాంలే" అంటారు. ఆ స్విచ్చు లీవరు పైకి లేచిందని మాత్రమే చెబుతుంది. కేబులు సాగిపోయి బ్రేకు పట్టడం లేదన్న సంగతి దానికేం తెలుసు?

పాత ట్రాక్టర్ల విషయం మరీ ఘోరం. మెకానికల్ పంపు ఉన్న డీజిల్ ఇంజన్‌కి ఒకసారి అందుకున్నాక కరెంటుతో పనిలేదు. తాళం తీసేసినా ఆగదు. ఆపడానికి స్టాప్ నాబు లాగాలి. స్టాప్ సొలెనాయిడ్ లేని అలాంటి ట్రాక్టరుకి రిమోట్ బిగిస్తే దూరం నుంచి స్టార్ట్ చేయగలం, దూరం నుంచి ఆపలేం. రిమోట్ మీద ఆఫ్ బటన్ ఉంటుంది. నొక్కితే లైటు ఆరుతుంది, ఇంజన్ నడుస్తూనే ఉంటుంది. వెనక మిర్చి టిక్కీలెత్తిన ట్రక్కు ఉందనుకోండి, లేదా రొటావేటరు తగిలించి పీటీవో వేసే ఉందనుకోండి. క్లచ్ తొక్కితేనే స్టార్ట్ అయ్యే సేఫ్టీ స్విచ్చు ఉన్న ట్రాక్టర్లలోనూ ముందు తెగేది అదే. రిమోట్‌కి క్లచ్ తొక్కే కాలు లేదు మరి.

వాళ్ల వాదాల్లో గట్టిది ఒకటుంది. "తాళంతో కొట్టినా గేరులో ఉంటే ఎగరదా? పాత కార్లకి ఈ స్విచ్చులెక్కడివి?" ఎగురుతుంది. కానీ ఎగిరినప్పుడు సీట్లో మనిషుంటాడు. అదిరిపడి క్లచ్ తొక్కుతాడు, తాళం వదిలేస్తాడు. ఆ మనిషిని సీట్లోంచి లేపేశాక అతని పని ఎవరో ఒకరు చెయ్యాలి కదా. చట్టమూ ఇదే అడుగుతోంది. 1988 మోటారు వాహనాల చట్టం, సెక్షన్ 126: బహిరంగ స్థలంలో నిలిపిన బండిలో డ్రైవరు సీట్లో లైసెన్సున్న మనిషి ఉండాలి, లేదా ఇంజన్ ఆపి బ్రేకు వేసి ఉండాలి. అడ్డరోడ్డులో టీ తాగుతూ రిమోట్ నొక్కి స్నేహితులకు చూపించే ముచ్చట ఆ సెక్షన్‌కి సరిపడదు.

మా ఎలక్ట్రీషియన్లకి పనితనం లేదనడం లేదు. కోటప్పకొండ తిరునాళ్లకి అంతెత్తు ప్రభల నిండా బల్బులు వెలిగించిన ప్రాంతమిది. తేడా వస్తున్నది ధీమా దగ్గర. బండి రిలే దండగని, బొమ్మల ప్రాజెక్టులకి వాడే నీలం రంగు చిన్న రిలేతో సొలెనాయిడ్‌ని నడిపిస్తారు. దాని మీద రాసుండేది 10 ఆంపియర్లు. సొలెనాయిడ్ తొలి గుంజుడు సాధారణంగా దాన్ని దాటిపోతుంది. కాంటాక్టులు కాలి అతుక్కుపోతే బటన్ వదిలినా సెల్ఫ్ తిరుగుతూనే ఉంటుంది. ఇక చిప్ తాళం దగ్గరుంటేనే స్టార్టయ్యే కార్లకైతే రెండో తాళాన్ని డాష్‌బోర్డు వెనకే కట్టి ఉంచుతారు. దొంగ బాధ సగం తీరింది.

ఎండకి కారు ముందే చల్లబడి ఉండాలనే మాట కాదనను. ఎండలకి పేరుమోసిన రెంటచింతల మన జిల్లాలోనే ఉంది; మే నెల మధ్యాహ్నం కారు సీటు మీద కూర్చోవడం శిక్షే. ఆ చల్లదనం కావాలంటే కంపెనీయే ఇస్తున్న బళ్లున్నాయి. 2019లో వచ్చిన హ్యుందాయ్ వెన్యూ ఆటోమేటిక్‌లో ఫోన్ నుంచే ఇంజన్, ఏసీ వేసుకోవచ్చు. లేదంటే నాలుగు తలుపులూ తీసి రెండు నిమిషాలు నీడన నిలబడటం, అదీ ఉంది.

క్లచ్ కారుకి పెట్టించి తీరాలంటే పద్ధతి లేకపోలేదు. మంచి కిట్‌లలో హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజన్ నడుస్తుండగానే దిగి, తలుపులేశాక కిట్టే ఇంజన్ ఆపుతుంది. అంటే క్లచ్ మీద కాలు లేకుండా ఇంజన్ నడిచింది కాబట్టి బండి న్యూట్రల్‌లోనే ఉంది. తర్వాత ఏ తలుపు తెరుచుకున్నా రిమోట్ పనిచేయదు. దానికి తోడు న్యూట్రల్ స్విచ్చునీ బానెట్ స్విచ్చునీ కిట్‌కి చెప్పి ఊరుకోకుండా, రిలే కాయిల్ ఎర్తు వాటి గుండానే పోయేట్టు వరసగా కలపాలి. వైరు ఊడినా, ఎలక కొరికినా, అది బాడీకి తగలనంతవరకు కాయిల్ లేవదు. పాత ట్రాక్టరుకి మాత్రం ఏ పద్ధతీ లేదు, వద్దంతే.

బిగించడం అయ్యాక ఖాళీ స్థలంలో ముందూ వెనకా ఎవరూ లేకుండా చూసుకుని, సీట్లో ఒకరిని బ్రేకు మీద కాలు పెట్టి కూర్చోబెట్టి, ఫస్ట్ గేరు వేయించి రిమోట్ నొక్కమనండి. తర్వాత బానెట్ ఎత్తించి, న్యూట్రల్‌లో ఇంకోసారి. రెండిట్లో ఏ ఒక్కసారి సెల్ఫ్ చప్పుడు వినిపించినా డబ్బులివ్వకండి.