సోరియాసిస్ చర్మంతో ఆగదు

కోయంబత్తూరు చుట్టుపక్కల మన తెలుగిళ్లలో సోరియాసిస్ ఉందని ఎవరూ నోరు విప్పి చెప్పరు. "వేడి చేసింది" అంటారు, లేదంటే "చర్మం పొడిబారింది" అంటారు. సంబంధాలు చూసే రోజుల్లో అయితే ఆ మాటే ఎత్తరాదు. మా ఇంట్లో మూడు తరాలుగా ఇది ఉంది. తాతల ఊళ్ల గురించి, పాత ఫోటోల గురించి రాసే చోటే దీని గురించీ రాయాలనుకున్నాం. ఇది అంటురోగం కాదు. ఒంట్లోని రక్షణ శక్తి మన మీదికే తిరగబడడం వల్ల వచ్చేది.

మేం చెప్పదలచింది, దీన్ని చర్మం జబ్బు అని వదిలేయకండి అని. సోరియాసిస్ ఉన్న పదిమందిలో సుమారు ఇద్దరు ముగ్గురికి అది కీళ్లకూ వస్తుంది. చాలామందికి మచ్చలు వచ్చిన ఏళ్ల తర్వాత వస్తుంది కాబట్టి రెంటికీ సంబంధం ఉందని తట్టదు. మా పెద్దమ్మకు మొదట మడమ నొప్పి, తర్వాత ఒక వేలు మొత్తం అరటిపండులా ఉబ్బింది. పొద్దున లేస్తే గంటసేపు చేతులు బిగుసుకుపోయేవి. ఎముకల డాక్టరు దగ్గర ఆమె మోచేతి మచ్చలు కొంగు కింద దాచుకుంది, ఆయనా అడగలేదు. రుమటాయిడ్ ఫ్యాక్టర్ నెగటివ్ రాగానే కీళ్లవాతం కాదని పంపేశారు. ఈ జబ్బులో ఆ పరీక్ష చాలామందికి నెగటివ్‌గానే వస్తుంది! ఇప్పుడు ఆ వేలు ముడవదు. పూలు కట్టడం మానేసింది.

ఇక్కడ అందరిళ్లలో ఉండే వెట్పాలై తైలం మాకూ ఇష్టమే. ఆకులు కొబ్బరినూనెలో వేసి ఎండలో పెడితే ఊదారంగు తిరుగుతుంది. (ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు కర్ర ఈ చెట్టుదే.) రాసుకోండి, పొలుసు మెత్తబడుతుంది. కానీ పైన రాసే నూనె గానీ, ఆయింట్‌మెంటు గానీ, లైటు వైద్యం గానీ కీలు దాకా పోదు. అరిగిన కీలు తిరిగి రాదు.

కీళ్లకు వచ్చిందంటే రుమటాలజిస్టు దగ్గరికే వెళ్లాలి. నొప్పి మాత్రలు వాపు తగ్గిస్తాయి గానీ అరుగుదలను ఆపవు. ఎక్కువమందికి ముందు ఇచ్చేది మెథోట్రెక్సేట్. అది వారానికి ఒక్కరోజే. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది, కాబట్టి మాత్రల అట్ట మీద వారం పేరు పెన్నుతో రాసుకోండి. ఫోలిక్ యాసిడ్, రక్తపరీక్షలు, మందు తాగకపోవడం దానితోపాటే. పిల్లల్ని కనాలనుకునే వాళ్లు ముందే డాక్టరుకు చెప్పాలి. అది చాలకపోతే అడాలిముమాబ్, సెకుకినుమాబ్ లాంటి ఇంజెక్షన్లు ఉన్నాయి. అడాలిముమాబ్ 2014 నుంచి మన దేశంలోనే తయారవుతోంది, ధర దిగింది. అయినా మధ్యతరగతికి బరువే, కాదనం. మొదలుపెట్టే ముందు టీబీ పరీక్ష తప్పదు.

"నెలలో మాయం" అని పొట్లాలు అమ్మేవాళ్ల జోలికి మాత్రం పోకండి. అలాంటి పొడుల్లో కొన్నిట్లో స్టెరాయిడ్ కలుపుతారు. ఆపగానే మచ్చలు ముందుకన్నా ఉధృతంగా లేస్తాయి.

పొంగలికి అందరూ కలిసినప్పుడు పెద్దవాళ్ల గోళ్లు ఒకసారి చూడండి. గుండుసూదితో గుచ్చినట్టు గుంటలుంటే, వేళ్లు పొద్దున బిగుస్తున్నాయా అని అడగండి. అవునంటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, మోచేతులు, మోకాళ్లు, తల వెనక, అన్నీ చూపించండి.