లోకల్‌గా రన్ అయితే సేఫ్ అనుకుంటున్నారా?

“నా ల్యాప్‌టాప్‌లోనే రన్ అవుతోంది, బయటి సర్వర్‌తో పనే లేదు. ఇక హ్యాక్ ఎట్లా అవుతుంది?” గోదావరిఖనిలో మా దోస్తులు తరచూ అనే మాట ఇది. బీటెక్ ప్రాజెక్టు కోసం ఒకరు పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన టెస్టింగ్ టూల్ బ్యాచ్ మొత్తానికీ తిరుగుతుంది. మూడేళ్ల తర్వాత జూనియర్ల దగ్గర కూడా అదే పాత వర్షన్. నేనూ అట్లాగే వాడాను. అది తప్పని ఇప్పుడు చెప్తున్నాను.

బఫర్ ఓవర్‌ఫ్లో అంటే ఏంటో ముందు చూద్దాం. బాయిలో బొగ్గు టబ్బు ఉంటుంది కదా, పట్టేదానికంటే ఎక్కువ నింపితే పక్కన పట్టాల మీద పడుతుంది. ప్రోగ్రామ్ కూడా డేటా కోసం మెమరీలో ఇంత చోటు అని పెట్టుకుంటుంది. సీ భాషలో రాసిన కోడ్ వచ్చే డేటా సైజు చెక్ చేయకపోతే, ఎక్కువైంది పక్క మెమరీలోకి పోతుంది. ‘తర్వాత ఏ కోడ్ రన్ చేయాలి’ అనే అడ్రస్ అక్కడ ఉందనుకోండి, అటాకర్ దాన్నే మార్చేస్తాడు.

దీనికి సర్వర్ అక్కర్లేదు, ఒక్క ఫైల్ చాలు. నెట్‌వర్క్ టెస్టింగ్‌కి మనం వాడే వైర్‌షార్క్‌నే తీసుకోండి. ఎంపెగ్ ఫైళ్లను చదివే భాగంలో 2014లో ఇలాంటి లోపమే బయటపడింది. 1.8.13, 1.10.6 వర్షన్లలో సరిచేశారు. అంతకు ముందు వాటిలో, కావాలని తయారుచేసిన ఫైల్ తెరిస్తే అటాకర్ కోడ్ మీ సిస్టమ్‌లో రన్ అయ్యే వీలుంది. దాన్ని వాడుకునే మాడ్యూల్ మెటాస్ప్లాయిట్‌లో ఎవరికైనా దొరుకుతుంది. 2023 సెప్టెంబర్‌లో లిబ్‌వెబ్‌పీ అనే ఇమేజ్ లైబ్రరీలో ఓవర్‌ఫ్లో దొరికినప్పుడు క్రోమ్‌తో పాటు ఎలక్ట్రాన్‌తో తయారైన డెస్క్‌టాప్ యాప్‌లకూ ఆ సమస్య అంటుకుంది.

మా బాపు సింగరేణిలో పనిచేశారు. బాయిలో గ్యాస్ చూసే సేఫ్టీ ల్యాంప్ గురించి చెప్పేవారు. లోపల మంట, చుట్టూ సన్నటి తీగ జాలి. మీథేన్ ఉంటే మంట మీద నీలి కొన కనిపిస్తుంది. ఆ జాలికి చిల్లు పడితే మాత్రం ప్రమాదాన్ని పసిగట్టాల్సిన దీపమే గ్యాస్‌ను అంటిస్తుంది. అందుకే దీపాన్ని కిందికి తీసుకుపోయే ముందు దాన్నే పరీక్షిస్తారు. మన టెస్టింగ్ టూల్స్‌కి ఆ పరీక్ష ఎవరు చేస్తున్నారు?

“అప్‌డేట్ చేస్తే ప్లగిన్లు పనిచేయవు, డేటా అయిపోతుంది” అంటారు. నిజమే, నాకూ ఆ చిరాకు తెలుసు. ఇప్పటి ఆపరేటింగ్ సిస్టమ్‌లలో మెమరీ రక్షణలు ఉన్నాయి, అదీ నిజమే. కానీ అవి దాడిని కష్టం చేస్తాయి తప్ప పూర్తిగా ఆపలేవు. పైగా టెస్టింగ్ టూల్ పనే తెలియని డేటాను నమిలి చూడటం. మిగతా యాప్‌ల కంటే దానికే ముప్పు ఎక్కువ.

కాబట్టి క్రాక్ వర్షన్లు తీసేయండి. టూల్‌ను అధికారిక సైట్ నుంచే దించుకోండి. అడ్మిన్‌గా రన్ చేయకండి. ఎవరో పంపిన క్యాప్చర్ ఫైల్‌ను వర్చువల్ మెషీన్‌లో తెరవండి. సొంతంగా టూల్ రాస్తుంటే అడ్రస్ శానిటైజర్ ఆన్ చేసి టెస్ట్ చేయండి.

కొత్త ఫోన్ కొనేముందు ఎన్నేళ్లు సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయని అడుగుతున్నాం కదా. ల్యాప్‌టాప్‌లో ఉన్న టూల్‌నీ అదే అడగాలి. ఈ రోజే హెల్ప్ మెనూలో అబౌట్ నొక్కి మీ వర్షన్ ఏ సంవత్సరందో చూడండి.