పెరటితోట: ముందు మన్ను, పిమ్మట మొక్క

క్రొత్తయింట పాలు పొంగించిన మఱునాడే పెరట మల్లెయు, కరివేపయు నాటవలెనని యెవరికి నుండదు? కామవరపుకోటలో మేమును అట్లే తొందరపడితిమి. వేసవి వచ్చుసరికి కరివేప యెండిపోయెను. పుట్టింటనుండి తెచ్చిన మల్లెయంటు లేతయాకులు, ఈనెలు మాత్రము పచ్చగానుండి, పసుపువన్నెకు తిరిగెను. గునపముతో త్రవ్వి చూడగా జానెడు లోతున ఇటుకముక్కలు, సున్నపు పెళ్లలు, సిమెంటు గడ్డలు! సున్నము మిక్కుటమైన నేలలో ఇనుము ఉన్నను వేళ్లకందదు. ఆకులు పాలిపోవుట కదియే హేతువు.

కొనయూపిరితోనున్న మల్లెను కుండలోనికి మార్చితిమి. రెండవయేట మొక్కలు కొనుట మాని, రాళ్లేరించి, మూరెడు లోతు త్రవ్వించితిమి. కొల్లేటి చేరువ నల్లమన్ను నీటిని పట్టియుంచును. మా మెట్టసీమ యెఱ్ఱమన్ను త్వరగా జార్చివేయును. కావున తొలకరిని జనుము చల్లి, 45 దినములకు పూత రాగానే మంటిలో కలియత్రవ్వించితిమి. అది చివికిన పిదప మాగిన పశువులయెరువు పాదునకు రెండేసి గంపలు వేసితిమి.

మూడవయేట మునగయు, అరటియు నాటితిమి. బియ్యము కడిగిన నీరు అరటిపాదునకు పోయుదుము, సబ్బునీరు పోయము. కుండలోని మల్లెయు మరల నేలకు వచ్చినది. ఈ వేసవిని దాని పూలు మా జడలకేకాక పొరుగిండ్లకును చాలినవి.

క్రొత్తయింటి సోదరీమణులు తొలియేటి ధనమును మొక్కలకు గాక మంటికి వెచ్చింతురుగాక!